బాపు లేచి నిలబడ్డ సీను

అధ్యక్షులు గారికి, గ్రంథాలయ పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మా కాలనీ అక్కలకు, వదినెలకు, వెనక గోడకానుకొని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. వేదిక మీదున్న ఒక్కొక్కరి పేరూ తీసుకొని మాట్లాడడం మన పద్ధతి. ఈ ఒక్కసారికి ఆ పద్ధతి పక్కన పెడుతున్నా, పెద్దలు మన్నించాలి. నాకిచ్చింది నలభై నిమిషాలు. చెప్పాల్సినవి ఏడు సినిమాలు.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఇదిగో, ఈ రాతిపలక. అరచేతి కన్నా కొంచెం పెద్దది. దీన్ని ముందు వరుస నుంచి ఒకరి తర్వాత ఒకరు చూసి వెనక్కి పంపించండి. అంచులు పెళుసు, పిల్లలకు ఇచ్చేటప్పుడు రెండు చేతుల్లో పెట్టండి. వెలుగుకు కొంచెం వాలుగా పట్టుకుంటే కనపడుతుంది. అదేమిటో తర్వాత చెప్తా.

సినిమా క్లబ్ పిల్లలు నాకిచ్చిన అంశం జురాసిక్ పార్క్ సీక్వెళ్లు, వాటి పోలిక. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్నా కదా, డైనోసార్ అంటే మేడమ్‌నే పిలుద్దాం అనుకున్నారట. చాలా సంతోషం. 1993లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ మొదటిది తీశాడు. 1997లో రెండోది, ద లాస్ట్ వరల్డ్, అదీ ఆయనదే. 2001లో మూడోది జో జాన్‌స్టన్ తీశాడు. తర్వాత పద్నాలుగేళ్లు ఏమీ లేదు. 2015లో కాలిన్ ట్రెవరో జురాసిక్ వరల్డ్ అని పేరు మార్చి మళ్లీ మొదలుపెట్టాడు. 2018లో బయోనా తీసిన ఫాలెన్ కింగ్‌డమ్, 2022లో మళ్లీ ట్రెవరోదే డొమినియన్, 2025లో గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన రీబర్త్. ముప్పై రెండేళ్లలో ఏడు.

నిన్న రాత్రి కాయితం ముందు పెట్టుకొని, పేపర్లు దిద్దినట్టు ఏడింటికీ మార్కులు వేద్దామని కూర్చున్నా. కథకు ఇన్ని, గ్రాఫిక్స్‌కు ఇన్ని అని గీతలు కూడా గీసుకున్నా. మొదటి సినిమా దగ్గరే కలం ఆగిపోయింది. ఆ సినిమా పేరు రాయగానే నాకు గుర్తొచ్చేది మా బాపు. ముప్పై ఏళ్లు దాటింది, ఇంతవరకు నేనెక్కడా చెప్పని మాట. మీరంతా బొగ్గుబాయి ఇళ్ల వాళ్లే కాబట్టి ఇక్కడ చెప్పొచ్చు అనిపించింది.

మా బాపు మందమర్రిలో టింబర్‌మన్. పెద్దవాళ్లకు తెలుసు, పిల్లల కోసం చెప్తున్నా. బొగ్గు తీసిన చోట పైన బండ కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. బాయిలోకి దిగగానే ఆయన చేసే మొదటి పని, చేతి కర్రతో పైన బండ మీద కొట్టి వినడం. ఖంగుమంటే బండ గట్టిది. బోలుగా మోగితే దాని కింద మనిషి నిలబడకూడదు. ఆ వినికిడి ఇంటికొచ్చినా పోయేది కాదు. రాత్రి పూట ఇంట్లో ఏ చిన్న చప్పుడైనా బాపు కళ్లు తెరిచేవాడు.

1994 ఎండాకాలం. నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నా. బాపుకు దగ్గు తగ్గడం లేదని ఆసుపత్రిలో చూపిద్దామని రమ్మన్నా. పొద్దున పరీక్షలు చేసి, కాయితాలు సాయంత్రం ఇస్తామన్నారు. ఆ ఎండలో మధ్యాహ్నమంతా ఎక్కడ కూర్చుంటాం? థియేటర్‌లో చల్లగా ఉంటది రా బాపూ అని తీసుకుపోయా. అప్పుడు ఊరంతా ఈ సినిమా గురించే మాట్లాడుతోంది. హిందీలో మాట్లాడే ప్రింటు దొరికింది. బాయిలో పనిచేసిన వాళ్లకు హిందీ కొత్త కాదు కదా.

ఆ సీను మీకందరికీ తెలుసు. రాత్రి, కుండపోత వాన. కరెంటు పోయి కార్లు దారి మధ్యలో ఆగిపోయినయి. ముందు కారులో ఇద్దరు పిల్లలు, ఒక లాయరు. కారులో ముందు రెండు గ్లాసుల నీళ్లు. దూరంగా ఎక్కడో ధన్ మని ఒక చప్పుడు. గ్లాసులో నీళ్ల మీద సన్నగా ఒక సున్నా లేచి మాయమైంది. మళ్లీ చప్పుడు, మళ్లీ సున్నా. ఇంకా జంతువు రాలేదు. పాటా లేదు, వాద్యమూ లేదు. స్పీల్‌బర్గ్ ఆ సీనంతా సంగీతం పెట్టలేదు, వట్టి వాన చప్పుడే.

బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. "లే బిడ్డా, పోదాం" అన్నాడు. నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. నిలబడి నన్ను గుంజుతున్నాడు. వెనక నుంచి "కూర్చో, కూర్చో" అని అరుపులు. నాకు సిగ్గేసింది. "కూసో బాపూ, సినిమానే కదా" అని ఆయన చేయి పట్టి కిందికి లాగా. కూర్చున్నాడు. కానీ ఇంటర్వెల్ దాకా నా మణికట్టు వదల్లేదు.

సాయంత్రం బస్సులో చెప్పాడు. "బండ కూలే ముందు గట్లనే ఉంటది బిడ్డా. ముందుగాల్ల మట్టి రాలుతది. దుంగ చిటచిట అంటది. పక్కన నీళ్ల సీసా ఉంటే అండ్ల నీళ్లు వణుకుతయి. గప్పుడు లేచి ఉరకాలె. సూద్దాంలే అని ఆగినోడు మళ్ల పైకి రాడు." అంతే. ఇంకేం చెప్పలేదు. నేను కూడా అడగలేదు. ఆయన ఆ నీళ్లను ఎప్పుడు చూశాడో, పక్కన ఎవరున్నారో, ఎవరు ఆగారో, ఒక్క మాట అడగలేదు. అడగాల్సింది. ఇప్పుడు ఆయన లేడు.

ఆ నీళ్ల మీద సున్నాలు ఎట్లా వచ్చాయో మీకు చెప్పాలి. ఒకరోజు స్పీల్‌బర్గ్ కారులో పాట పెట్టుకొని పోతుంటే ఆ దరువుకు అద్దం వణికిందట. అదే కావాలన్నాడు. ఎఫెక్ట్స్ చూసే మైకేల్ లాంటియెరీ చాలా రకాలుగా ప్రయత్నించి, చివరికి ఒక గిటారు తీగను గ్లాసు కింద బిగించి కిందికి లాగి కట్టాడు. ఒకతను కారు కింద పడుకొని ఆ తీగ మీటాడు. మీటినప్పుడల్లా సున్నా. ఇంత ఖర్చు పెట్టి తీసిన సినిమాలో మా బాపును లేపి నిలబెట్టింది ఒక్క తీగ. జంతువు కూడా కాదు.

జంతువు తక్కువేమీ కాదు. జంతువుల బొమ్మలు చేసే స్టాన్ విన్‌స్టన్ మనుషులు టీ రెక్స్‌ను, అంటే వాన సీనులో వచ్చే ఆ పెద్ద మాంసాహారి డైనోసార్‌ను, నిలువెత్తున కట్టారు. దాని బరువే టన్నుల్లో ఉండేది. వానలో ఆ స్పాంజి చర్మం నీళ్లు పీల్చి బరువెక్కి గజగజ వణికేదట. ప్రతి షాట్‌కూ తువ్వాళ్లు పట్టుకొని దాన్ని తుడిచి ఆరబెట్టేవాళ్లు. మిగతాది కంప్యూటర్‌లో చేశారు. రెండు గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో డైనోసార్లు తెర మీద కనిపించేది మొత్తం కలిపి పావుగంటే. క్లబ్ పిల్లలూ, ఈ ఒక్క లెక్క రాసుకోండి. పావుగంట. మిగిలిన సమయమంతా మనుషులు వాటి కోసం ఎదురుచూస్తారు, వాటి చప్పుడు వింటారు, వాటిని చూస్తారు.

చప్పుడంటే గుర్తొచ్చింది. టీ రెక్స్ అరుపులో ఏనుగు పిల్ల ఉంది, పులి ఉంది, మొసలి జాతి ఆలిగేటర్ ఉంది. గ్యారీ రైడ్‌స్ట్రమ్ అనే శబ్దం మనిషి వాటన్నింటినీ కలిపి వండాడు. రాప్టర్లు, అంటే గుంపుగా వేటాడే చిన్న డైనోసార్లు, ఒకదాన్నొకటి పిలుచుకునే గొంతు తాబేళ్లది, జత కూడే వేళ అవి చేసే చప్పుడు. క్లాసులో ఇది చెప్తే ఆడపిల్లలు తల వంచుకుంటారు, మగపిల్లలు నవ్వుతారు. తర్వాత పదేళ్లకు కలిసినా వాళ్లకు గుర్తుండే పాఠం అదొక్కటే. నాకేం బాధ లేదు. బతికున్న జంతువుల గొంతులతోనే చచ్చిపోయిన జంతువులకు గొంతు పెట్టారు, అది గుర్తుంటే చాలు.

ఇక అసలు సంగతికి వస్తా. నా కొలబద్ద ఒక్కటే. సినిమాలో మనిషి ఆగి చూశాడా, లేదా?

మొదటి సినిమాలో జీపు పోతుంటుంది. ఎలీ అనే శాస్త్రవేత్త చేతిలో ఒక ఆకు. ఆమె చదువు పాత చెట్ల గురించి. ఈ ఆకు ఎప్పుడో అంతరించిపోయిన జాతి కదా, ఇక్కడికెట్లా వచ్చింది అని దాన్నే చూస్తోంది. వెనక సీట్లో గ్రాంట్, డైనోసార్ బొక్కలు తవ్వే శాస్త్రవేత్త, టోపీ తీశాడు. కళ్లద్దాలు తీశాడు. లేచి నిలబడ్డాడు. మాట రావడం లేదు. ముందుకు వంగి ఎలీ తల మీద చేయి పెట్టి అటు తిప్పాడు. ఆమె కూడా లేచింది. ఇంతసేపూ మనకు జంతువును చూపించలేదు, చూస్తున్న వాళ్ల ముఖాలే చూపించాడు. ఆ తర్వాత పొడుగు మెడ బ్రాకియోసారస్. చెట్టు కొమ్మ అందుకోవడానికి ముందు కాళ్లెత్తి లేచి, దిగినప్పుడు నేల అదిరింది. ఆ సీను దగ్గర మా బాపు భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గుడిలోకి పోతే అట్లా తీసేవాడు.

ఆ తర్వాత జబ్బు పడ్డ ట్రైసెరాటాప్స్. గ్రాంట్ దాని పొట్ట మీద పడుకుంటాడు. ఊపిరితో పాటు ఆయన పైకి లేస్తాడు, కిందికి దిగుతాడు. పళ్లు లేవు, పరుగు లేదు, రక్తం లేదు. ఒక పెద్దమనిషి పసిపిల్లవాడిలా ఒక జంతువు ఊపిరి వింటున్నాడు. ఈ సీను కథకు అవసరమా అంటే, కత్తిరించినా కథ నడుస్తుంది. కానీ ఆ ఊపిరి విన్నాం కాబట్టే రాత్రి నీళ్లు వణికినప్పుడు నమ్మాం. అది బొమ్మ అనిపించలేదు, ప్రాణం ఉన్నదే వస్తోంది అనిపించింది.

రెండో సినిమాను అందరూ తీసిపారేస్తారు. నేను పారేయను. అందులో బండి కొండ అంచున వేలాడుతుంటే, జూలియన్ మూర్ అద్దం మీద బోర్లా పడి ఉంటుంది. కింద సముద్రం. ఆమె వేళ్ల కింద అద్దం చిటచిటమని పగులుతుంది. పగుళ్లు సాలెగూడులా పాకుతాయి. మళ్లీ అదే చిన్న చప్పుడు. బాపు చెప్పిన దుంగ చప్పుడు. అది తీసిన చేయి మొదటి సినిమా తీసిన చేయే.

ఇంకొకటి. అందులో రోలాండ్ టెంబో అని వేటగాడు. పీట్ పోస్టల్‌థ్వైట్ వేశాడు. జీవితంలో ఒక్క మగ టీ రెక్స్‌ను పట్టాలని వచ్చినవాడు. పట్టుకుంటాడు కూడా. అతని తోడు అజయ్, మన దేశం పేరున్నవాడు, గడ్డిలో రాప్టర్లకు బలవుతాడు. కంపెనీ అతను వచ్చి టెంబోకు ఉద్యోగం ఇస్తానంటే, ఇంకా ఈ చావుల మధ్య నేనుండలేనని వెళ్లిపోతాడు. గెలిచినవాడు గెలుపు వదిలేసి వెళ్లిపోయాడు. నాకది చాలా పెద్ద సీను. చివర్లో టీ రెక్స్‌ను శాన్ డియాగో వీధుల్లో ఉరికించారు, అది మాత్రం వేరే సినిమా వచ్చి అతుక్కున్నట్టు ఉంటుంది. అక్కడ చూడడం అయిపోయి తరమడం మొదలైంది.

మూడోది గబగబా చెప్తా. గంటన్నర సినిమా. స్పైనోసారస్ వచ్చి టీ రెక్స్ మెడ విరిచేస్తుంది. మా మేనల్లుడు అప్పుడు ఆరేళ్లవాడు, ఆ రాత్రి అన్నం తినలేదు. స్పైనోసారస్ ఆఫ్రికా ఉత్తరాన బతికింది, టీ రెక్స్ ఉత్తర అమెరికాలో. రెంటి మధ్య సుమారు 3 కోట్ల ఏళ్లు. ఎప్పుడూ కలవని రెంటిని తెచ్చి, పాతదాన్ని చంపితే కొత్తది గొప్పదవుతుందనుకున్నారు. అయినా ఆ సినిమాలో కూడా ఒక అర నిమిషం ఉంది. పడవ మీద పోతూ నది ఒడ్డున మేస్తున్న మందను గ్రాంట్ చూస్తాడు. ఆ అర నిమిషం కోసం దాన్ని క్షమించా.

2015లో వచ్చినదానికి డబ్బు విపరీతంగా వచ్చింది, ప్రపంచమంతా కలిపి 160 కోట్ల డాలర్లు దాటింది. మన ఇర్ఫాన్ ఖాన్ పార్క్ యజమానిగా వేశాడు. మొదటి సినిమాలో ఆ స్థానంలో ఉన్నది రిచర్డ్ అటెన్‌బరో, 1982లో గాంధీ సినిమా తీసిన ఆయనే. ఇర్ఫాన్ ఉన్నంతసేపూ నాకు ఆ సినిమా నచ్చింది. లెక్కలు అడగడు, జంతువులు సంతోషంగా ఉన్నాయా అని అడుగుతాడు. కథేమిటంటే, పార్క్‌కు వచ్చే జనానికి మామూలు డైనోసార్లు విసుగొచ్చాయి, అందుకని ల్యాబ్‌లో ఇంకా పెద్దది, ఇంకా ఎక్కువ పళ్లున్నది తయారుచేస్తారు. అది అందరినీ చంపుతుంది. ఆ సినిమా తీసినవాళ్లు తమ తప్పును తామే కథలో పెట్టి, అదే తప్పును తెర మీద చేశారు. ల్యాబ్‌లో చేసిన ఆ ఇండోమినస్ కూడా పెద్దదే, పళ్లున్నదే. కానీ అది ఊపిరి తీస్తుంటే వినాలని ఎవరికీ అనిపించదు.

అందులో నాకు కోపం తెప్పించిన సీను ఒకటుంది. ఇది చెప్పకుండా ఇక్కడి నుంచి దిగను. ఇద్దరు పిల్లలను చూసుకోమని ఒక అమ్మాయికి అప్పగిస్తారు. ఆఫీసులో సహాయకురాలు. పాపం ఆమెకు పిల్లలను పట్టుకోవడం రాలేదు, అంతే ఆమె చేసిన నేరం. ఆమెను ఎగిరే టెరనోడాన్లు ఎత్తుకుపోయి, ఒకదాని నుంచి ఒకటి లాక్కొని, నీళ్లలో ముంచి తేల్చి, చివరికి మోసాసారస్ మింగుతుంది. చాలాసేపు చూపిస్తారు. హాల్లో ఈలలు వేశారు. ఆమె పోయిందని తర్వాత సినిమాలో ఎవరూ ఒక్క మాట అనరు.

అక్కలారా, మనకు తెలియదా? బాయిలో మనిషి పోయాడని తెలిసిన రోజు మన కాలనీల్లో ఎట్లా ఉండేది? పొయ్యి వెలిగించేవాళ్లు కాదు. ఏ షిఫ్ట్ వాడో, ఎవరింటి వాడో తెలిసేదాకా వాకిట్లోనే నిలబడేవాళ్లు. మా అమ్మ చేతిలో చీపురు పట్టుకొని అట్లాగే నిలబడి ఉండడం నేను చూశా. ఆ ఇల్లు మనది కాదని తెలిశాక కూడా కూర్చునేది కాదు. మనిషి చావు దగ్గర ఆగాలి. ఆగని సినిమా నాకు వద్దు.

అదే సినిమాలో గడ్డి మీద చావుబతుకుల్లో పడి ఉన్న అపాటోసారస్ సీను ఉంది. దాని తల నిజంగా బొమ్మ చేసి పెట్టారు. పార్క్ నడిపే క్లెయిర్, రాప్టర్లకు శిక్షణ ఇచ్చే ఓవెన్ మోకాళ్ల మీద కూర్చొని దాని తల నిమురుతారు. అంతకుముందు దాకా డైనోసార్లను ఆస్తి లెక్కల్లో చూసిన క్లెయిర్ అక్కడ మారుతుంది. జంతువు చావు దగ్గర ఆగగలిగినవాళ్లు ఆ అమ్మాయి చావు దగ్గర ఎందుకు ఆగలేకపోయారు? నాకిప్పటికీ అర్థం కాదు.

ఫాలెన్ కింగ్‌డమ్‌లో సగం నాకు అక్కర్లేదు, ఆ బంగళా, ఆ వేలంపాట. కానీ దీవి మీద అగ్నిపర్వతం పేలి ఓడ కదిలినప్పుడు, రేవు చివర ఒక బ్రాకియోసారస్ మిగిలిపోతుంది. పొగలో నిలబడి అరుస్తుంది. ఓడ మీది వాళ్లు చూస్తుంటారు, ఏమీ చేయలేరు. చివరికి ముందు కాళ్లెత్తి లేస్తుంది, పొగలో వట్టి నీడ మాత్రమే కనపడుతుంది, తర్వాత అదీ లేదు. మొదటి సినిమాలో మనం మొట్టమొదట చూసిన బ్రాకియోసారస్ అదేనని బయోనా చెప్పాడు. కొమ్మ కోసం లేచినట్టే మంటలో లేచింది. గ్రాంట్ టోపీ తీసి చూసిన జంతువు అది. మా బాపు తువ్వాల తీసి చూసిన జంతువు. ఆ సీనుకు నేను ఏడ్చా. నా పక్క సీట్లో ఎవరో కుర్రవాడు ఫోన్ చూసుకుంటున్నాడు. వాడి తల పట్టుకొని తెర వైపు తిప్పాలనిపించింది.

డొమినియన్ కోసం చుట్టాల కోసం చూసినట్టు ఎదురుచూశా. మొదటి సినిమాలోని గ్రాంట్, ఎలీ, వాళ్లతో పాటు వచ్చిన మాల్కమ్, ముగ్గురూ మళ్లీ కలిసి వస్తున్నారంటే ఎవరికి ఆశ ఉండదు? డైనోసార్లు మన ఊళ్ల మధ్య, మన అడవుల్లో బతుకుతున్నాయని కథ మొదలవుతుంది. ఇంతకన్నా ఏం కావాలి? ఆ కథను అక్కడే వదిలేసి మిడతల వెంట పడ్డారు. పంటలు తినే పెద్ద మిడతలు. అంతకన్నా చెప్పడం నాకిష్టం లేదు.

రీబర్త్‌లో మొదట్లో న్యూయార్క్ వీధిలో ఒక సారోపాడ్, జబ్బుతో కదలలేకపోతున్నది. పెద్ద జంతువు, పొడుగు మెడ. జనం ఏం చేస్తారు? ట్రాఫిక్ ఆగిపోయిందని విసుక్కుంటారు. నాకు గుండె కలుక్కుమంది. కానీ అదే సినిమాలో నిలువెత్తు గడ్డిలోంచి టైటనోసారస్‌లు లేస్తాయి. ఆ కుర్ర శాస్త్రవేత్త, జొనాథన్ బెయిలీ వేసినవాడు, వెళ్లి ఒకదాన్ని చేత్తో ముట్టుకుంటాడు. కళ్లల్లో నీళ్లు. ఆగాడు. ఏళ్ల తర్వాత ఈ సీరీస్‌లో ఒక మనిషి మళ్లీ ఆగాడు. సినిమాలో మిగతావి ఎట్లున్నా, ఆ ఒక్కదానికి నేను లేచి చప్పట్లు కొట్టా.

ఇప్పుడు క్లబ్ పిల్లలు రాసివ్వని సంగతి. మీరొక్కసారి చేతులెత్తండి. ఈ సినిమాల్లో ఏదో ఒకటి చూసినవాళ్లు? అందరూ. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్‌ను చూసినవాళ్లు? ఒకటి, రెండు, మూడు. ఇంత హాల్లో ముగ్గురు.

సినిమా పేరు జురాసిక్. కానీ అందులో హీరోలైన టీ రెక్స్, ట్రైసెరాటాప్స్, వెలాసిరాప్టర్ జురాసిక్ కాలానివి కావు, ఆ తర్వాతి క్రిటేషస్ కాలానివి. టీ రెక్స్ బతికింది 6 కోట్ల 60 లక్షల నుంచి 6 కోట్ల 80 లక్షల ఏళ్ల కింద. అసలు సిసలు జురాసిక్ జంతువు మన దగ్గరుంది. అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియొలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీశారు. 1988లో పి.యాదగిరి గారు దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరి పేరు మీద ఆ రాతి పొరలకు పేరు, ఆ పొరల మీద జంతువుకు పేరు. ఊరి పేరు కూడా కలిపారు. మన యామన్‌పల్లి పేరు ప్రపంచంలోని డైనోసార్ పుస్తకాల్లోకి ఎక్కింది.

దానికి అన్నో తమ్ముడో అనదగ్గది బరపాసారస్. ప్రాణహితకు అవతల, మహారాష్ట్ర వైపు పోచంపల్లి దగ్గర దొరికింది. బరపా అంటే బెంగాలీలో పెద్ద కాలు. తొడ బొక్కే అయిదున్నర అడుగులు. తవ్వుతున్న రోజుల్లోనే 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి వచ్చింది, అందుకని ఠాగోరై అని ఆయన పేరు కూడా కలిపారు. కలకత్తాలో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. కోటసారస్ మనకు దగ్గర్లోనే, హైదరాబాద్‌లో ఉంది. తలెత్తి చూడాలి. మెడ అటు నుంచి ఇటు పోతుంటే మనం కూడా దాని కింద నడుస్తాం.

నేను పనిచేసిన ఒక కాలేజీలో మూడేళ్లు వరసగా అడిగా. పిల్లలను ఒక్క రోజు హైదరాబాద్ తీసుకుపోతా, ఆ బొక్కలు చూపిస్తా అని. మూడేళ్లూ ఒక్కటే జవాబు. "దాని మీద ఎంసెట్‌లో ఎన్ని బిట్లొస్తాయి మేడమ్?" ఒక్కటి కూడా రాదు సార్. నాకు తెలుసు, రాదు. రాకపోతే చూడొద్దా? ఆ పిల్లల తాతలు ఆ బొక్కలున్న నేలకు దగ్గర్లోనే పత్తి పెట్టారు, బొగ్గు తవ్వారు. అమెరికా వాళ్లు కంప్యూటర్‌లో చేసిన జంతువు పేరు ప్రతి పిల్లవాడికి తెలుసు. మన నేలలో నడిచినదాని పేరు అడిగితే నా క్లాసులో తొంభై మందిలో ఒక్కరు కూడా చెప్పలేదు. తప్పు వాళ్లది కాదు. వాళ్ల తల పట్టుకొని ఎవరూ అటు తిప్పలేదు.

టైమ్ చూపిస్తున్నారు, అయిపోయింది, రెండే మాటలు.

ఆ రాయి. అది బాపు తెచ్చింది. ఒకరోజు షిఫ్ట్ దిగి వస్తూ క్యారేజీ గిన్నెలో పెట్టుకొని తెచ్చాడు. బొగ్గు పొర మీది రాయి విరిగి పడితే, మధ్యలో ఇది కనపడిందట. ఆకు. నాలుక ఆకారం, మధ్యలో ఈనె, రెండు వైపులా జల్లెడలా సన్న ఈనెలు. దాని పేరు గ్లోసోప్టెరిస్. మన బొగ్గుకు మూలం ఆ చెట్లే. 25 కోట్ల ఏళ్లు దాటినవి. అప్పటికి డైనోసార్ అనేదే ఇంకా పుట్టలేదు. టోపీ లైటు వెలుగులో, నెత్తి మీద బండ ఉన్న చోట, బాపు ఆగి ఈ ఆకును చూశాడు. మా బిడ్డ ఇసొంటివి చదువుతది అని తెచ్చాడు. ఆగినోడు పైకి రాడు అని చెప్పిన మనిషి, దీని కోసం ఆగాడు. నేను థియేటర్‌లో ఆయనను సిగ్గుపడి కూర్చోబెట్టా.

వచ్చే నెల రెండో శనివారం బస్సు మాట్లాడుతున్నా. నా జీతంలోంచి అడ్వాన్స్ ఇచ్చా. నలభై అయిదు సీట్లు. పొద్దున అయిదింటికి ఈ గ్రంథాలయం ముందు నుంచే బయలుదేరుతుంది, రాత్రికి తిరిగి వస్తాం. పేర్లు లైబ్రేరియన్ గారికి ఇవ్వండి. పిల్లలతో పాటు బాయి నుంచి రిటైరైన తాతలు వస్తే ముందు సీట్లు వాళ్లకే.

రాయి ఎక్కడిదాకా వచ్చింది? వెనక, కిటికీ దగ్గర, ఆ పచ్చ గౌను పాప చేతిలోనా? లేదు లేదు, తీసుకోకండి. వెలుగుకు పెట్టి చూస్తోంది. చూడనివ్వండి.